కొత్తపాయ లాకు, తాబేలు మౌసు

నమోదు 1

ఈ పుస్తకంలో నీటిమట్టం, పడవల రాకపోకలు, తలుపు ఎత్తు తప్ప వేరే సంగతులు రాయకూడదని పైనుంచి ఉత్తర్వు ఉంది. ఈవేళ రాయక తప్పదు. మౌసుకి జబ్బు చేసింది.

పొద్దున్న అరటిగెలల పడవ, పాయకి అడ్డంగా తలుపు కట్టిన ఈ లాకు దాటుతోంది. దాని వెనకాల తలుపు ఒక జాన దించమని మౌసు ఎడమ మీట ఒక్కసారి నొక్కాను. రెండు జానలు దిగింది. పడవ చివర కట్టిన గెల తలుపుకింద నలిగి గుజ్జయిపోయింది. పడవవాడు నా ముందు ఏడు తరాలనీ, రాబోయే ఏడు తరాలనీ తలుచుకున్నాడు. నేను నొక్కింది ఒక్కసారే. నా వేలిమీద నాకు నమ్మకముంది.

ఊరంతా చూపుపట్టీలు కట్టుకుని తిరుగుతుంటే నీకు మౌసెందుకని కొత్తవాళ్ళు అడుగుతారు. నుదుటికి పట్టీ, ఎదుట గాలిలో బొమ్మ, దానివైపు చూసి రెప్ప వేస్తే పని అయిపోతుంది. కానీ నా కళ్ళు పుట్టుకతోనే నిలవవు. గాలానికి కట్టిన బెండులా అటూ ఇటూ ఆడుతూనే ఉంటాయి. ఒకసారి అందరూ పోరితే పట్టీ కట్టుకుని కందిపప్పు తెప్పించుకోబోయాను. పప్పుతోబాటు గొడుగులు, పిల్లల ఉయ్యాల, ఎవరి పెళ్ళికో కట్టాల్సిన బాజాభజంత్రీలు కూడా మా గుమ్మంలోకి వచ్చాయి. సన్నాయి ఆయనకి కాఫీ ఇచ్చి పంపాను.

ఈ లాకులో నోటిమాట యంత్రం కూడా పెట్టి చూశారు. ఒక పడవవాడు తట్ట మోసే తోటివాణ్ణి “ఎత్తరా, ఎత్తెత్తు!” అని అరిస్తే తలుపు నిలువునా లేచి కూర్చుంది. మావైపు మనుషులు నెమ్మదిగా మాట్లాడటం నేర్చుకునేదాకా అది కుదరదని తీసేశారు.

అందుకని నాకు ఈ తాబేలు మౌసు. ఆ మోడల్ చేసే కంపెనీ నేను పుట్టకముందే దాన్ని ఆపేసింది. వీపు ఎత్తుగా, నల్లగా ఉంటుంది. నడిమిన పళ్ళ చక్రం. ఒక పన్ను తిరిగితే వేలికి టిక్కుమని తెలుస్తుంది. తలుపుకి అది ఒక వేలు మందం. ఎంత కదలాలో చక్రంతో చెప్పి ఎడమ మీట నొక్కితే అంతే కదులుతుంది. తెర చూడక్కర్లేదు. నా కళ్ళు కిటికీలోంచి నీళ్ళమీద, చెయ్యి తలుపుమీద. పక్కన బొటనవేలు ఆనేచోట చిన్న గుంట ఉంది. అది నేను చేసింది కాదు. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న సీతారత్నం పిన్ని వేలు అరగదీసిన గుంట. ఆవిడ పోయాక నా వేలు అందులో ఇమిడిపోయింది.

నమోదు 2

మళ్ళీ రెండుసార్లు చేసింది. లాకులో తాళ్ళూ మోకులూ చూసే లస్కరు బుల్లెబ్బాయి, దుమ్ము పట్టి ఉంటుందన్నాడు. నేను పళ్ళు తోముకునే బ్రష్షు తెచ్చి లోపలంతా శుభ్రం చేశాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఇప్పుడు కొన్నిసార్లు మూడు కూడా చేస్తోంది.

మధ్యాహ్నం నాగూర్ మీరా పాతసామాను పడవ వచ్చింది. పాత యంత్రాల జబ్బులు ఆయనకి తెలిసినన్ని ఈ పాయలో ఇంకెవరికీ తెలియవు. మరలు విప్పి, భూతద్దం పెట్టి చూసి పెదవి విరిచాడు.

“మీటకింద రాగిరేకు అరిగిపోయిందమ్మా. నువ్వు ఒక్కసారి నొక్కితే అది అదురుతా రెండుసార్లు తగులుతోంది.”

“కుడిమీటది తీసి ఎడమకి వెయ్యి బాబాయ్. కుడిది నేను వాడనుగా.”

“అది సీతారత్నమ్మగారి రోజుల్లోనే వేసేసేనమ్మా. ఇప్పుడు కుడివైపున్నది ఖాళీ గూడే.”

“కొత్త రేకు చెయ్యలేవా?”

“తెడ్డు చెయ్యమను చేస్తాను. తాళంచెవి చెయ్యమను చేస్తాను. ఇది దోమరెక్కంత ఉంది.”

బుల్లెబ్బాయి పక్కన నిలబడి నన్ను ఓదార్చబోయాడు. “పోనీలెండమ్మా, గుడ్డికంటే మెల్ల నయం కదండీ. ఏదోలా లాగించేద్దాం, ఆయ్.”

“నా కళ్ళ ముందే మెల్ల సామెత చెప్తున్నావా?” అన్నాను. నాలుక కరుచుకుని మోకులు సర్దడానికి వెళ్ళిపోయాడు. మంచివాడే. సామెత మాత్రం చెప్పకుండా ఉండలేడు.

నమోదు 3

ఇంజనీరు సన్యాసిరావుగారు కొత్త మౌసు తెచ్చారు. చేతులు పడిపోయినవాళ్ళకి వ్యాయామం కోసం ఆసుపత్రుల్లో ఇస్తారట. మెత్తగా, దిండులా ఉంది. చక్రానికి పళ్ళు లేవు, వెన్నలా జారుతుంది. మూడు వేళ్ళు ఎత్తుదామని చక్రం తాకాను. అది ఎక్కడ ఆగిందో వేలికి తెలియలేదు. మీట నొక్కితే తలుపు ఆకాశానికి లేచింది. ఎగువన ఆగి ఉన్న గుర్రపుడెక్క అంతా పచ్చటి చాపలా కదిలి లాకులోకి వచ్చేసింది. దాన్ని తీయడానికి బుల్లెబ్బాయికి సాయంత్రమైంది. ఆ పూట సామెతలేవీ వినిపించలేదు.

సన్యాసిరావుగారు నాకంటే చిన్నవారు, నెమ్మదైనవారు. చెప్పలేక చెప్పారు.

“కార్తీకంలో తూరుపుగాలి పడేలోగా మీ పనిముట్టు సరిగ్గా ఉండాలండీ. లేకపోతే ఈ లాకుని పట్నంలో పట్టీలవాళ్ళు కూర్చుని నడిపే చూపుగదికి కలిపేస్తారు. మీకు గోదాములో కుర్చీ ఇస్తారు.”

“గోదాములో పనేమిటండీ?”

“ఏమీ ఉండదండీ. కూర్చోవడమే.”

“మరి చీరమేను మాటేమిటి?”

ఆయన కిటికీవైపు తిరిగారు. “పోటువేళ తలుపు పూర్తిగా మూసెయ్యడమే చూపుగది పద్ధతండీ. సందు వదలరు.”

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. కార్తీకంలో తూరుపుగాలి పడగానే సముద్రంలోంచి చేపపిల్లలు, వెంట్రుకంత సన్నంగా, పోటునీటితో గుంపులుగా పైకి వస్తాయి. ఆడవాళ్ళు చీర నీళ్ళలో పరిచి పట్టేది వాటినే. ఆ రోజుల్లో లాకు తలుపు మూడు వేళ్ళు ఎత్తి ఉంచడం ఇక్కడి మర్యాద. మూడు వేళ్ళ సందులో వచ్చే ఉప్పు చేలకి తెలియదు. ఆరు వేళ్ళైతే ఎగువన వరి ఎర్రబడిపోతుంది. అసలు ఎత్తకపోతే ఎగువ పల్లెలకి ఆ ఏడు చీరమేను లేదు. పులస చేప పోయి సామెతొక్కటే మిగిలింది. చీరమేనుకి సామెత కూడా లేదు, అది పోతే ఏమీ మిగలదు.

ఆయన వెళ్ళాక ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఈ కిటికీ లేకుండా, ఈ నీళ్ళు చూడకుండా, ఏ పనీ లేని కుర్చీలో ఎలా కూర్చోవాలో నాకు తెలియదు.

నమోదు 4

నాగూర్ మీరా తెప్పల సంతకి తీసుకెళ్ళాడు. పాత ఊరు మునిగినచోట తెప్పలు కలిపి కట్టి, పాతసామాను అమ్ముతారు. ఎండుచేపల తెప్ప పక్కనే మౌసుల తెప్ప. పళ్ళెంలో బెండకాయలు పోసినట్టు పోశారు.

అన్నీ చేతికింద పెట్టి చూశాను. ఒకటి అరచేతిలో మునిగిపోయింది. ఒకటి చేపలా సన్నగా జారిపోయింది. ఒకదాని చక్రం ఎంత బిగుసుకుందంటే తిప్పితే గోరు లేచింది. అమ్మేవాడు విసుక్కున్నాడు.

“ఎలకల్ని ఇంతలా నొక్కి చూసేవాళ్ళని ఇప్పుడే చూస్తన్నానమ్మా. పెళ్ళికొడుకునైనా ఇన్ని అడగరు.”

“పెళ్ళికొడుకు రోజంతా చేతికింద ఉండడుగా,” అన్నాను.

అప్పుడు తీశాడు అడుగునుంచి ఒక పెట్టె. సీలు కూడా విప్పలేదు. పైన తాబేలు బొమ్మ. వాడి చేతిలోంచి లాక్కున్నాను. విప్పితే అదే వీపు, అదే నలుపు, అదే బరువు. చక్రం తిప్పాను. టిక్, టిక్, టిక్. పక్కన గుంట లేదు, అంతే తేడా. నా దగ్గరున్న వెదురు కుర్చీ ఇచ్చేస్తానని ఒప్పందం చేసుకుని, అక్కడే దాన్ని ముద్దు పెట్టుకున్నాను. నాగూర్ మీరా మాత్రం పెట్టెలో తీగ లేదేమిటని గొణుగుతూనే ఉన్నాడు.

ఇల్లు అలకగానే పండగ కాదు. పడవలోనే విప్పి చూశాడు. లోపల ఏమీ లేదు. బరువు కోసం ఒక ఇనపముక్క అంటించారు, అంతే. కంపెనీ రోజుల్లో దుకాణం అద్దాల్లో పెట్టడానికి చేసిన ఉత్త బొమ్మ.

“చక్రం మటుకు అసలైనదేనమ్మా,” అన్నాడు పాపం.

నా చక్రం బాగానే ఉంది. చచ్చింది రేకు.

నమోదు 5

ఈరోజు తలుపు ధనలక్ష్మి పడవ మీద దిగింది.

కోపం వస్తే పాయ ఇటునుంచి అటు వినబడే గొంతు ధనలక్ష్మిది. లాకుకీ యానాంకీ మధ్య జనాన్ని తిప్పుతుంది. పడవ వెనక భాగం దాటకముందే మౌసు నా ఒక్క నొక్కుని మూడు చేసింది. చుక్కాని కర్ర విరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ కర్ర పక్కన ఒక బాలింత కూర్చుని ఉంది.

ధనలక్ష్మి మెట్లెక్కి వచ్చింది. తిట్టడానికే వచ్చింది. నా మొహం చూసి ఆగిపోయింది.

“ఒసే సత్యవేణీ, ఏటే నీకొచ్చిన కష్టం? కళ్ళు ఆడినా చెయ్యి ఆడదనే గదా నిన్నిక్కడ కూర్చోబెట్టేరు?”

మౌసు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇలాటి ఎలక యానాంలో మా మాణిక్యం వాళ్ళింట్లో ఉందే. వాళ్ళ నాన్న దాన్ని వదలడు. రోజంతా దాని వీపు మీద చెయ్యేసుకుని కూచుంటాడు.”

“పనిచేస్తుందా?”

“ఎర్రదీపం వెలుగుద్ది అడుగున. నాకేం తెలుసు?”

బుల్లెబ్బాయి నావైపు చూశాడు. తరవాత బల్లమీదున్న ఉత్త బొమ్మవైపు చూశాడు. “పెద్దాయన చెయ్యేసుకు కూర్చోడానికేగదండీ. అదీ ఇదీ ఒకలాగే ఉంటాయి. బరువూ అంతే, చక్రమూ తిరుగుద్ది. మార్చేస్తే ఏం తెలుస్తదండీ, ఆయ్?”

నేను వద్దనలేదు.

నమోదు 6

తలుపు దించేసి, తాళం బుల్లెబ్బాయికిచ్చి, ధనలక్ష్మి పడవలో యానాం వెళ్ళాను. పోల్చి చూసుకోవడానికి నా మౌసుని టిఫిను డబ్బాలో గుడ్డ చుట్టి పెట్టుకున్నాను. బొమ్మ సంచిలో ఉంది.

మాణిక్యం ఇల్లు ఎత్తైన స్తంభాలమీద ఉంది. కింద నీళ్ళు. తండ్రి యశ్వంత్ తాతగారు. ఆ తరం పేర్లన్నీ అంతే, యశ్వంత్, హర్షిత్, లాస్య. మా తరానికి మళ్ళీ సత్యవేణులూ, సన్యాసిరావులూ వచ్చారు. ఆయన ఒకప్పుడు ఆఫీసులో కూర్చుని జనానికి సర్టిఫికెట్లు తీసిచ్చేవారట. గోడవారగా పగిలిన తెరతో పాత కంప్యూటరు, దానికి తాబేలు మౌసు. కొత్తదానిలా మెరుస్తోంది. ఆఫీసులో ఒకటి అరిగిపోతే ఉంటుందని ఆనాడే కొని దాచుకున్నారట.

ముందు బొమ్మని ఆయన చేతికిచ్చాను. “ఇది కూడా అలాంటిదేనండీ, చూడండి,” అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

ఆయన బరువు చూశారు. చక్రం తిప్పి సంతోషపడ్డారు. తరవాత తిరగేసి అడుగు చూశారు.

“దీపం ఏదమ్మా?”

“లేదండీ. అది బొమ్మ.”

“బొమ్మని నాకెందుకిచ్చావు?”

సిగ్గుతో తల వంచుకున్నాను. వచ్చిన పని, మనసులో అనుకున్న మోసం, అన్నీ మాణిక్యంతో చెప్పేశాను. ఆమె కోప్పడలేదు.

“మీరు అడిగితే నేనూ మార్చేసేదాన్నేమోనండీ. ఆ ఎలకతో నాన్నకి రోజూ ఏడుపే. చూడండి.”

చూశాను. ఆయన తన మౌసుని తెరమీద పాత వీడియో దాచుకున్న పసుపుసంచి బొమ్మమీదకి తెచ్చారు. ఒకసారి నొక్కారు. చాలాసేపటికి వేలు మళ్ళీ లేచి ఇంకోసారి నొక్కింది. ఆ పాత కంప్యూటర్లలో సంచి తెరవాలంటే వెంటవెంటనే రెండుసార్లు నొక్కాలి. ఆయన వేలికి ఆ వేగం లేదు. సంచి నీలంగా మారుతుంది, తెరుచుకోదు. మళ్ళీ నొక్కారు, మళ్ళీ నీలం. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“కీబోర్డు ఎప్పుడో పోయింది. నేను నొక్కి పెడతానంటే ఒప్పుకోరు,” అంది మాణిక్యం. “మీ అమ్మని నేనే పిలుచుకోవాలి, నువ్వు పిలిస్తే నీకోసం వస్తుంది అంటారు.”

అప్పుడు తట్టింది నాకు. మంచి ఆలోచన వచ్చినందుకు సంతోషం కంటే ముందు భయం వేసింది, ఏం వదులుకోవాలో తెలుసు గనక. టిఫిను డబ్బా తెరిచాను. ఆయన మౌసు తీసి, నాదాని తీగ గుచ్చాను. అడుగున ఎర్రదీపం వెలిగింది. ఆయన చెయ్యి దానిమీద పెట్టాను.

“ఒక్కసారే నొక్కండి.”

నొక్కారు. ఏమీ కాలేదు. నా ప్రాణం ఉసూరుమంది. ఇన్నాళ్ళూ వద్దంటే రెండు చేసిన ముండ, ఈవేళ కావాలంటే ఒకటి చేసింది.

“ఇంకొక్కసారండీ.”

నొక్కారు. సంచి తెరుచుకుంది.

తెరమీద వంటింటి గట్టు, చేప కడుగుతున్న ఒక పడుచు పిల్ల. జుట్టు రేగి ఉంది. కెమెరావైపు తిరిగి కసిరింది. “యశ్వంత్, ఆపు! ఫోను పక్కన పడేసి ఆ ఉప్పు అందుకో.” కెమెరా కదల్లేదు. ఎవరో నవ్వుతున్నారు. “నీకే చెప్పేది, ఉప్పు!”

తాతగారు కూడా నవ్వారు. అచ్చం అదే నవ్వు. “ఇవ్వలేదమ్మా ఆ ఉప్పు. తీస్తూనే ఉన్నాను,” అన్నారు. ఆ సంచి మూశారు, తెరిచారు. మూశారు, తెరిచారు. ఎవరి సాయమూ లేదు. మాణిక్యం పక్కగదిలోకి వెళ్ళిపోయింది. ముక్కు చీదడం వినిపించింది.

తిరిగి వచ్చి తండ్రి మౌసుని నా ఒళ్ళో పెట్టింది. దాన్ని తీసుకుని నాది వదలడానికి నాకు చెయ్యి రాలేదు. తాతగారి బొటనవేలు సీతారత్నం పిన్ని గుంటలో ఆని ఉంది. నా వేలు పద్దెనిమిదో ఏటినుంచి ఆనిన చోటు అది. ఇచ్చెయ్యమని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే కాస్త సులువయ్యేది.

“మీరే ఉంచుకోండి తాతగారూ,” అన్నాను.

ఆయన నా చేతిలో ఉన్న తన మౌసుని చూసి జాలిపడ్డారు. “అది నీకెందుకమ్మా? మొండిఘటం. ఎన్నిసార్లు నొక్కినా మాట వినదు. నీ మాటా వినకపోతే పారెయ్యి.”

“పరవాలేదండీ, సర్దుకుంటాను,” అన్నాను.

పడవెక్కాక ధనలక్ష్మి అడిగింది, పని అయితే మరి ఆ ఏడుపెందుకని. ఉత్త బొమ్మని ఆమె పడవ ముందుభాగంలో కట్టుకుంది, దిష్టికి.

నమోదు 7

సన్యాసిరావుగారు పరీక్షకి వచ్చారు. కుండలో నీళ్ళు పోసుకుని తాగి, కుర్చీ వెనకాల నిలబడ్డారు. తాతగారి మౌసుమీద చెయ్యేశాను. బొటనవేలికి ఆనడానికి చోటు దొరక్క జారుతోంది. అయినా చక్రం టిక్కుమంది. మూడు పళ్ళు తిప్పి, ఒక్కసారి నొక్కాను. బుల్లెబ్బాయి కిందనుంచి కొలకర్ర పెట్టి అరిచాడు.

“మూడేనండీ! మూడంటే మూడేనండీ, ఆయ్!”

“సరేనండీ,” అన్నారు సన్యాసిరావుగారు. ఆయన మొహంలోనూ ఊరట కనిపించింది. గోదాము కుర్చీ ఇంకెవరికైనా ఇవ్వమన్నాను. ఈ పుస్తకంలో ఇంటి సంగతులు రాయవద్దని మరొకసారి చెప్పి వెళ్ళారు.

నమోదు 8

తూరుపుగాలి పడింది. నీటిమట్టం మామూలే. తలుపు ఎత్తు మూడు వేళ్ళు.

పొద్దెక్కేసరికి సందుకింద నీళ్ళు పాలపొంగులా తెల్లగా కదిలాయి. ఎగువన ఆడవాళ్ళు చీరలు పట్టుకుని నడుములోతు దిగారు. వాళ్ళ కేకలకి నోటిమాట యంత్రం గనక ఉండి ఉంటే తలుపు ఈపాటికి మబ్బుల్లో ఉండేది. తొలి చీర ఎత్తగానే మొదటి దోసెడు లాకుకి పంపడం ఆనవాయితీ. గిన్నె వచ్చింది. సగం ధనలక్ష్మితో యానాం పంపాను, చింతచిగురు వేసి వండమని మాణిక్యానికి చెప్పమన్నాను.

సాయంత్రం పడవ తిరిగొచ్చింది. ధనలక్ష్మి కిందనుంచే అరిచింది.

“పెద్దాయన కూర తిన్నాడే! ఉప్పు తనే అందుకుని వేసుకున్నాడంట. నిన్నొక మాట అడగమన్నాడు.”

“ఏమిటి?”

“ఆ మొండిది నీ మాట వింటందా అని!”

కిటికీలోంచి తల బయటకి పెట్టాను. చెయ్యి మౌసుమీదే ఉంది.

“చెప్పవే! ఒక్కసారి నొక్కితే ఒక్కసారే వింటోందని చెప్పు!”